ఒక దవడ ఎముక, ఒక సమీక్ష

2024 మొదట్లో ఒక సమీక్ష రాశాను. పుస్తకం పాతది. 1990ల్లో వచ్చిన పద్నాలుగు కథల సంపుటి, కోఠీలో ఫుట్‌పాత్ మీద యాభై రూపాయలకి దొరికింది. రచయిత్రి పేరు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కథలు నచ్చాయి, నచ్చాయనే రాశాను. కానీ సమీక్ష అన్నాక చివర్లో ఒక తీర్పు పడాలి కదా అనే దురద ఒకటి ఉంటుంది నాకు. ఆ దురదలో "ఒక్క పుస్తకంతో అయిపోయిన రచయిత్రి" అని ఒక వాక్యం పడేశాను. ఆ తర్వాత ఆవిడవి ఇంకేవీ రాలేదని గూగుల్ చెప్పింది, నేను నమ్మాను. నిజం చెప్పాలంటే ఆ వాక్యం రాసినప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది. మంచి ఊపుంది దానికి.

రెండు నెలల తర్వాత ఫోనొచ్చింది. కొత్త నంబరు. డెలివరీ వాళ్ళేమో అనుకుని "సెక్యూరిటీ దగ్గర ఇచ్చేయండి" అన్నాను. అటువైపు చిన్న నవ్వు.

"ఇవ్వడానికేం లేదు బాబూ. అయిపోయానని రాశారు కదా, ఆవిణ్ణి."

ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. సారీ అన్నాను, కథలు చాలా బావున్నాయన్నాను, సందర్భం వేరన్నాను. ఆవిడ అంతా విని, "అది కాదు. అయిపోయానని మీకెలా తెలిసింది?" అని అడిగారు. దెప్పుతూ అడిగుంటే బావుండేది, దెప్పితే పడేవాణ్ణి. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత మాదే ఊరని అడిగారు, అన్నం తిన్నారా అని అడిగారు, పెట్టేశారు.

ఇక తిమింగలాల సంగతి. ఉద్యోగంలో మాకు ఆన్‌కాల్ అని ఒక శిక్ష ఉంటుంది. ఆరు వారాలకొకసారి, వారం పాటు, రాత్రి ఏ సర్వర్ పడిపోయినా మన ఫోనే మోగుతుంది. రెండింటికి లేచి, దాన్ని ఎలాగో లేపి నిలబెట్టాక మళ్ళీ నిద్ర పట్టదు. ఆ ఏడాది జులైలో అలాంటి ఒక రాత్రి న్యూజీలాండ్ వార్త ఒకటి కంటబడింది. ఒటాగో తీరంలో 5 మీటర్ల మగ తిమింగలం ఒకటి చచ్చి ఒడ్డుకొచ్చింది. ఆ జాతిని, అంటే స్పేడ్-టూత్డ్ వేల్‌ని, ప్రాణంతో చూసిన మనిషి ఇప్పటిదాకా లేడు.

ఇప్పటిదాకా లేడు! దాని పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే తెల్లారిపోయింది. 1872లో చాటమ్ దీవుల్లోని పిట్ ఐలాండ్‌లో ఒక కింది దవడ దొరికింది, పళ్ళతో. 1874లో దాన్ని బట్టి ఒక జాతికి పేరు పెట్టారు. తర్వాత న్యూజీలాండ్‌లోనే ఒక పుర్రె ముక్క, 1986లో చిలీకి చెందిన రాబిన్సన్ క్రూసో దీవిలో ఇంకో పుర్రె ముక్క. చిలీలో దొరికినదాన్ని చూసి ఇదేదో కొత్త జాతి అనుకుని 1995లో దానికి వేరే పేరు పెట్టారు. 2002లో డీఎన్‌ఏ తీసి చూస్తే మూడూ ఒకటేనని తేలింది. అంటే 130 ఏళ్ళలో చేతికొచ్చినవి మూడు ముక్కలు, అందులోనూ ఒకదానికి పరాయి పేరు. 2010 ఆఖర్లో ఒక తల్లీ, ఒక మగపిల్లా ఒపాపే బీచ్‌లో ఒడ్డుకొచ్చి చచ్చిపోయాయి. చూసినవాళ్ళు వాటిని మామూలుగా అక్కడ కనబడే ఇంకో జాతి అనుకున్నారు. డీఎన్‌ఏ పరీక్షలో అసలు సంగతి తెలిసి, 2012లో లోకానికి చెప్పారు. మొదటిసారి ఈ జంతువు పూర్తి ఒళ్ళు మనుషుల కళ్ళముందుకి వస్తే, మనుషులు దాన్ని ఇంకెవరో అనుకున్నారు.

ఇవన్నీ బీక్డ్ వేల్స్ అనే కుటుంబంలోవి. తెలుగులో ముక్కు తిమింగలాలు అందామనుకున్నాను. కానీ మనకి పిట్టకున్నదీ ముక్కే, మనిషికున్నదీ ముక్కే. తిమింగలానికి ఊపిరి తీసుకునే ముక్కు నడినెత్తిన ఉంటుంది, ఈ ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు నిజానికి మూతి. గందరగోళం. సరే, పిట్టముక్కు అని మనసులో అనుకుంటూ చదవండి. రెండు డజన్ల దాకా జాతులున్నాయి. తిమింగలాలూ డాల్ఫిన్లూ కలిపి చూస్తే, డాల్ఫిన్ల కుటుంబం తర్వాత పెద్ద కుటుంబం ఇదే. కోతుల్లోనో పిల్లుల్లోనో ఇన్ని జాతులుండి, వాటి గురించి మనకి ఇంత తక్కువ తెలిస్తే ఎంత వింతగా ఉంటుంది? ఇవేం చిన్న ప్రాణులు కావు. నాలుగు మీటర్ల నుంచి పన్నెండు మీటర్ల దాకా ఉంటాయి. ఆటోరిక్షా కంటే చిన్నది ఒక్కటీ లేదు.

వీటి పళ్ళ సంగతి చెప్పాలి. చాలా జాతుల్లో మగవాటికి కింది దవడలో ఒక్క జత పళ్ళే బయటికొస్తాయి. ఆడవాటికి అవీ రావు, చిగుళ్ళలోనే ఉండిపోతాయి. తిండికి పళ్ళతో పనే లేదు. గొంతు కింద రెండు గాడులుంటాయి. నాలుకని పిస్టన్‌లా వెనక్కి లాగితే గొంతు సాగి, స్క్విడ్ నీళ్ళతో సహా లోపలికి పోతుంది, బోండంలోంచి స్ట్రాతో లాగినట్టు. మన పాతవాళ్ళు తిమి అనే చేపని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది తిమింగిలగిలం అని పేర్లు పెట్టుకుంటూ పోయారు, కొరకడం ఊసే లేకుండా. ఈ కుటుంబం విషయంలో అక్షరాలా సరిపోయింది. మరి ఆ రెండు పళ్ళూ దేనికంటే, మగవి ఒకదాన్నొకటి గీరుకోవడానికి. వయసొచ్చిన మగదాని ఒళ్ళంతా తెల్లటి చారలే, జంటగా పక్కపక్కన రెండేసి గీతలు. స్ట్రాప్-టూత్డ్ అనే జాతిలో మగదానికి ఆ పళ్ళు పెరిగి పెరిగి పైదవడ చుట్టూ పట్టీలా అల్లుకుంటాయి. నోరు పూర్తిగా తెరుచుకోదు. అయినా సుబ్బరంగా తిని బతుకుతుంది.

చిక్కెక్కడంటే, ఏ జాతిదో గుర్తుపట్టడానికి శాస్త్రజ్ఞులకి మొదట్నుంచీ ఆధారం ఆ మగపన్నే. దాని ఆకారాన్ని బట్టే పేర్లు కూడా: పార పన్ను, పట్టీ పన్ను, జింకో ఆకు పన్ను. ఆడదీ, పిల్లా సముద్రం మీద కనబడితే ఆరితేరినవాళ్ళు కూడా ఇదీ అని చెప్పలేని జాతులు చాలా ఉన్నాయి. పోట్లాటకి తప్ప దేనికీ పనికిరాని అవయవాన్ని బట్టి కుటుంబం మొత్తాన్నీ లెక్కగట్టారన్నమాట. మన సాహిత్య చరిత్రలు గుర్తొచ్చి అంత రాత్రీ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అందరికంటే నన్ను ఎక్కువ పట్టుకున్నవాడు జార్జ్ క్యువియే. ఒక్క ఎముక చూపిస్తే మొత్తం జంతువుని చెప్పేస్తాడని పేరు మోసిన ఫ్రెంచి మహానుభావుడు. జంతుజాతులు అంతరించిపోతాయి అన్న సంగతిని ఏనుగుల ఎముకలు పక్కపక్కన పెట్టి చూపించి లోకాన్ని ఒప్పించింది కూడా ఈయనే. 1804లో ఫ్రాన్స్ మధ్యధరా తీరంలో ఒక పుర్రె దొరికింది. పూర్తిది కాదు. 1823లో క్యువియే దాన్ని వర్ణించి, మూతి ఎముక మొదట్లో గుంట ఉందని జిఫియస్ కావిరోస్ట్రిస్ అని పేరు పెట్టాడు. చూడబోతే రాయిలా గట్టిగా ఉంది, తనకి తెలిసిన ఏ తిమింగలంతోనూ కలవడం లేదు. కాబట్టి ఇది ఎప్పుడో అంతరించిపోయిన జాతి అని తేల్చాడు.

1850లో అదే తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. పోల్ జెర్వే అనే ఆయన దాని పుర్రెని క్యువియే పుర్రెతో పోల్చి చూశాడు. రెండూ ఒకటే. అప్పటికి క్యువియే పోయి 18 ఏళ్ళు. ఆయన అయిపోయిందన్న జంతువు ఈ కుటుంబం మొత్తంలో అందరికంటే ఎక్కువ చోట్ల బతుకుతున్న జంతువు. ధ్రువాల దగ్గరి చల్లటి నీళ్ళు తప్ప అన్ని మహాసముద్రాల్లోనూ ఉంది. దాని పేరిప్పుడు క్యువియేస్ బీక్డ్ వేల్. దాన్ని చంపేసినాయన పేరే పెట్టారు దానికి.

ఈ ముక్క చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్ళాను. క్యువియే మోసగాడేం కాదు. చేతిలో ఉన్న ఎముకని ఆయన చాలా జాగ్రత్తగానే చదివాడు, ఆ గుంట సంగతి కూడా తప్పు కాదు. నేనూ ఆ పద్నాలుగు కథల్నీ జాగ్రత్తగానే చదివాను. పొరపాటు చదవడంలో లేదు. చేతిలో ఉన్నదాని గురించి చెప్పాల్సిన మాటని చేతిలో లేనిదాని మీదకి కూడా లాగడంలో ఉంది.

ఇప్పుడు ఆ జంతువు ఎక్కడుంటుందో చూడండి. కాలిఫోర్నియా దగ్గర ట్యాగులు తగిలించి చూసి 2014లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఒక క్యువియే తిమింగలం 2,992 మీటర్ల లోతుకి వెళ్ళింది. బుర్జ్ ఖలీఫాలు మూడు ఒకదానిమీద ఒకటి నిలబెడితే ఇంకా ఐదు వందల మీటర్లు మిగుల్తుంది. ఇంకోటి 137 నిమిషాల పాటు ఊపిరి బిగబట్టింది. 2020లో ఆ రికార్డూ పోయింది. అమెరికా తూర్పు తీరంలో కేప్ హాటెరాస్ దగ్గర ఒకటి 222 నిమిషాలు కిందే ఉండిపోయింది. మూడు గంటల నలభై రెండు నిమిషాలు, ఇంటర్వెల్‌తో కలిపి మన పెద్ద సినిమా. మామూలుగా అయితే వేటకి ఒక గంట మునక, పైకొచ్చి ఊపిరి తీసుకునేది రెండు నిమిషాలో, కొంచెం ఎక్కువో. మళ్ళీ లోపలికి. తుఫానులొచ్చినా ఇదే వరస.

కిందికి వెళ్ళేటప్పుడు ఊపిరితిత్తులు నలిగి ముడుచుకుపోతాయి. ఆక్సిజన్ అంతా రక్తంలోనూ, కండల్లోనూ దాచుకుంటుంది. కండలో మయోగ్లోబిన్ ఎంత ఉంటుందంటే మాంసం నల్లబడిపోతుంది. ఒంటికి రెండువైపులా చిన్న పల్లాలుంటాయి, ఈతకి అడ్డు రాకుండా రెక్కల్ని వాటిల్లో సర్దేసుకుంటుంది, చలికాలం ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకున్నట్టు. తిమింగలం గురించి నేను చదివిన వివరాలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఇది.

ఇక నోరెత్తడం. దగ్గర దగ్గర 200 మీటర్ల లోతు దాటేదాకా ఇవి చడీచప్పుడూ చెయ్యవు. ఆ తర్వాతే వేటకి క్లిక్కులు మొదలుపెడతాయి, ఆ చీకట్లో క్లిక్కు తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే చూస్తాయి. గుంపంతా ఒకేసారి మునుగుతుంది, లోపల విడివిడిగా తింటాయి, మళ్ళీ కలిసి నోరు కట్టేసుకుని, నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా పైకొస్తాయి. ఆఖరి క్లిక్కు వినబడిన చోటికీ, తేలిన చోటికీ కిలోమీటరు దాకా దూరం ఉండొచ్చు. ఎందుకింత దొంగతనం అంటే పైన కిల్లర్ వేల్స్ ఉంటాయి. అవి చెవులతో వేటాడతాయి, ఇంత లోతుకి దిగలేవు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ఈ మౌనం ఖరీదు లెక్కకట్టింది. ఇలా మెల్లిగా, మాట్లాడకుండా పైకి రావడం వల్ల వేటకి దొరికే టైములో మూడో వంతు పైగానే వదులుకుంటున్నాయట. అంటే మౌనం ఇక్కడ ఖాళీతనం కాదు. తిండి మానుకుని కొనుక్కుంటున్న వస్తువు.

మా సిస్టమ్స్‌లో హార్ట్‌బీట్ అని ఉంటుంది. ప్రతి సర్వీసూ ముప్పై సెకన్లకోసారి "బతికే ఉన్నా" అని ఒక సిగ్నల్ పంపాలి. వరసగా మూడు రాకపోతే చచ్చిందని డాష్‌బోర్డు ఎర్రబడుతుంది. ఒక ఆన్‌కాల్‌ రాత్రి అలాగే ఎర్రబడితే రీస్టార్ట్ కొట్టేశాను. పొద్దున లాగ్స్ చూస్తే తెలిసింది, అది చావలేదు. చాలా పెద్ద లెక్కొకటి చేస్తూ, అందులో మునిగిపోయి, సిగ్నల్ పంపే తీరిక లేక ఊరుకుంది. ఇంకో పది నిమిషాల్లో అయిపోయేది. నేను బటన్ నొక్కగానే నాలుగు గంటల పని గాల్లో కలిసింది. తప్పెవరిదని మీటింగ్ పెట్టారు, నాదేనన్నాను.

తిమింగలాల విషయంలో ఆ బటన్ పేరు సోనార్. 2000 మార్చిలో బహమాస్‌లో ఒక్క రోజున్నరలో 17 జంతువులు ఒడ్డుకొచ్చాయి, ఎక్కువ ఈ కుటుంబంవే. ఏడు చచ్చిపోయాయి. అక్కడే ఉండి ఏళ్ళ తరబడి వీటిని ఫొటోలు తీసి ఒక్కోదాన్నీ గుర్తుపెట్టుకున్న కెన్ బాల్కమ్ ఇంటిముందుకే ఒకటి వచ్చింది. ఆయన ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో నీటి కింది శబ్దాలు వినే పని చేసినవాడే. ఆ వేళకి దగ్గర్లో నౌకాదళం సోనార్ వాడుతోంది. 2001 చివర్లో నౌకాదళం, ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కలిసి ఇచ్చిన నివేదిక అదే కారణం అయ్యుండాలని ఒప్పుకుంది. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల్లో 14 ఒడ్డుకొచ్చాయి, సైనిక విన్యాసాల వేళే. కోసి చూస్తే లోపలి అవయవాల్లో గాలి బుడగలు, కొవ్వు ముద్దలు. లోతునుంచి గబగబా పైకొచ్చిన డైవర్లకి వచ్చే జబ్బులాంటిది. జన్మంతా లోతుల్లో గడిపే జంతువుకి ఆ జబ్బు! 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సోనార్‌ని నిషేధించింది, ఆ తర్వాత అలా గుంపుగా ఒడ్డుకు రావడం ఆగింది.

ఇందాకటి 222 నిమిషాల రికార్డు గురించి ఒక మాట దాచాను. అది జరగడానికి రెండు మూడు వారాల ముందే ఆ తిమింగలం నౌకాదళపు సోనార్ విన్నది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ తేల్చలేదు. కానీ అది చదివాక, రికార్డు అన్నమాట నోట్లోకి రావడం లేదు. అది ఘనకార్యమో, భయమో పైనున్న మనకి తెలీదు.

మనకి దగ్గర్లో జరిగిన కథ ఒకటుంది. 1963లో కొలంబో పక్కన రత్మలాన తీరానికి ఒక ఆడ తిమింగలం కొట్టుకొచ్చింది. కొలంబో మ్యూజియంలో పనిచేసిన డెరనియగల దాన్ని పరిశీలించి కొత్త జాతి అన్నాడు. హోటౌలా అని పేరు పెట్టాడు, సింహళంలో మొనదేలిన ముక్కు అని అర్థం. రెండేళ్ళకే పెద్దవాళ్ళు కాదన్నారు, ఇది మాకు ముందే తెలిసిన జింకో పన్ను జాతేనన్నారు. ఆడదాయె, చూపించడానికి పన్ను లేదు. ఆయన 1976లో పోయాడు. 2014లో, మాల్దీవులు, సీషెల్స్, పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన ఎముకల్ని కూడా కలిపి డీఎన్‌ఏ చూస్తే ఆయనన్నదే నిజమని తేలింది. 51 ఏళ్ళు పట్టింది. దీన్ని విజయగాథలా చెప్పాలని లేదు నాకు. ఆయనకి ఎవరు చెబుతారు?

2024 డిసెంబరులో డునీడిన్ దగ్గర ఆ ఒటాగో తిమింగలాన్ని కోశారు, అక్కడి మావోరీ పెద్దలు పక్కన ఉండగా. కడుపులో తొమ్మిది గదులు. కొన్నిట్లో స్క్విడ్ ముక్కులు. పైదవడలో ఎప్పటికీ బయటికిరాని చిన్న చిన్న పళ్ళ మొలకలు, ఒకప్పుడు దాని పూర్వీకులకి పళ్ళుండేవనే గుర్తు. ఇవేవీ 1872 నాటి దవడ చూస్తే తెలిసేవి కావు.

ఆ వారమే మా ఎడిటర్‌కి రాశాను, సమీక్షలో ఒక వాక్యం మార్చాలని. "మార్చి ఏం పెట్టమంటారు?" అన్నారు. అక్కడ ఇరుక్కుపోయాను. "తర్వాత ఏమీ రాయలేదు" అని పెట్టలేను, నాకు తెలీదు. "ఇంకా రాస్తూనే ఉండొచ్చు" అంటే అదో రకం జాలి. మొత్తానికి ఆ వాక్యాన్ని తీసేయించాను. ఇప్పుడు ఆ చోట పేరా కొంచెం చప్పున ఆగిపోతుంది, ఊపు లేదు.

ఆ సంగతి చెబుదామని ఆవిడకి నేనే ఫోన్ చేశాను. రాస్తున్నారా అని అడగలేదు. అడిగితే మళ్ళీ హార్ట్‌బీట్ అడిగినట్టే కదా. ఎలా మొదలుపెట్టాలో తెలీక క్యువియేతో మొదలుపెట్టి, సోనార్ మీదుగా, మూడున్నర గంటల మునక దాకా ఏకబిగిన చెప్పుకుపోయాను. ఆవిడ మధ్యలో ఊఁ కొట్టారు. వెనకాల కుక్కర్ కూత వినబడింది రెండుసార్లు.

"అయితే బాబూ, అంతసేపు అక్కడ ఏం చేస్తుందంటారు అది?"

"తింటుందండీ. స్క్విడ్‌లు."

"అంతేనా," అన్నారు. నవ్వారు. "ఉండండి, స్టవ్ కట్టేసి వస్తాను."